పక్క సీటు అద్దం పైకెళ్తుంది, కిందికి దిగదు: మోటారు పోయినట్టేనా?

పాతబండి | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్తే. నా కారు వయసు పదిహేడేళ్లు. ఇంజను, గేర్‌బాక్సు రాయిలా ఉన్నాయి. పవర్ విండోలే ఒక్కొక్కటిగా మొరాయిస్తున్నాయి. ఇప్పుడు బాధంతా ముందు పక్క సీటు అద్దంతో.

నా తలుపు మీదున్న స్విచ్ నొక్కితే అది పైకీ పోదు, కిందికీ రాదు. చడీచప్పుడు ఉండదు. పక్క సీటు తలుపు మీదే ఉన్న స్విచ్ నొక్కితే మాత్రం పైకి వెళ్తుంది, కిందికి దిగదు. అలా ఒకసారి పైకి వెళ్లి మూసుకుంది, ఇక తెరుచుకోవడం లేదు. మిగతా మూడూ పనిచేస్తున్నాయి, వెనక కుడివైపుది కాస్త ముక్కుతూ మూలుగుతూ. ఫ్యూజులు చూశాను, బాగానే ఉన్నాయి.

రెండు వారాల కిందటి వరకు ఇది ఒకరోజు పనిచేసేది, ఒకరోజు మానేసేది. నా తలుపు ధడాలున వేస్తే ఓసారి దానంతటదే బాగైంది కూడా. తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే బండి చూడకుండానే "మోటారు పోయింది, సెట్టు మొత్తం మార్చేయాలి" అన్నాడు. కొనేముందు మీ మాట విందామని ఇక్కడ రాస్తున్నాను.

ఫుల్‌ట్యాంక్ | శనివారం, ఉదయం 7:58

మోటారే బ్రదర్. నా పాత బండిలోనూ ఇంతే, మార్చాక ఇప్పటిదాకా మళ్లీ ముట్టుకోలేదు. ఆలోచించకుండా మార్చేయండి.

కొత్తచేయి | శనివారం, ఉదయం 8:15

డ్రైవరు తలుపు మీద విండో లాక్ బటన్ ఉంటుంది కదా, పిల్లలు నొక్కకుండా పెట్టేది. అది పొరపాటున నొక్కి ఉందేమో చూడండి. నేను ఓసారి రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాక తేలింది అదే అని. నవ్వకండి.

స్పానర్_సెట్ | శనివారం, ఉదయం 9:05

లాక్ నొక్కి ఉంటే పక్క స్విచ్‌తో పైకి కూడా వెళ్లదు కదా. అది కాదు. అయినా ముందు దాన్ని చూడమనడం మంచి సలహానే, ఖర్చు లేని పని.

ఫుల్‌ట్యాంక్ గారూ, మోటారు పోతే అద్దం పైకి ఎలా వెళ్లింది? ఇవి మామూలు డీసీ మోటార్లు. లోపల అయస్కాంతాలు, ఒక కాయిలు, రెండు కార్బన్లు, అంతే. పైకి తిప్పడానికి వేరే, కిందికి తిప్పడానికి వేరే అని ఏమీ ఉండదు. ప్లస్, మైనస్ అటూ ఇటూ మారితే అదే కాయిలు ఎదురు తిరుగుతుంది. పైకి ఎత్తడమే దానికి బరువైన పని. అది చేస్తున్న మోటారు దించలేకపోవడం ఉండదు. అద్దం ఎక్కడో ఇరుక్కుంటే తప్ప. ఇరుక్కుంటే కనీసం "ఊఁ" అని మూలుగు వినబడుతుంది. పాతబండి గారికి అదీ లేదు.

స్విచ్ నొక్కాక వినబడేదాన్ని బట్టి సగం రోగం తెలుస్తుంది. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ అద్దం కదలకపోతే రెగ్యులేటర్ (మోటారు తిప్పుడుతో అద్దాన్ని పైకీ కిందికీ జరిపే భాగం) పోయింది. ఒక్క "టక్" వచ్చి, లోపలి లైట్లు కాస్త మసకబారితే మోటారు లాగాలని చూస్తోంది, లాగలేకపోతోంది. పూర్తి నిశ్శబ్దమంటే కరెంటు అక్కడిదాకా చేరడం లేదు, లేదా చేరింది తిరిగి వెళ్లడం లేదు. మోటారు కొనకండి. తీగలమనిషి గారు వస్తారు, ఆగండి.

తీగలమనిషి | శనివారం, ఉదయం 10:30

వచ్చాను. చక్కటి కేసు ఇది. లక్షణాలు పాతబండి గారు ఎంత వివరంగా రాశారంటే, బండి చూడకుండానే చాలావరకు చెప్పొచ్చు. (ఆ మెకానిక్‌కి కూడా ఇవే చెప్పి ఉంటారు. విని ఉండడు.)

తలుపుకో కంప్యూటర్ లేని కాలపు కార్లలో వైరింగ్ ఎక్కువగా ఇలా ఉంటుంది. మోటారుకు రెండే తీగలు. ఒకటి 'పై' తీగ, ఒకటి 'కింది' తీగ అనుకుందాం. ఎవరూ ఏమీ నొక్కనప్పుడు రెండూ ఎర్త్‌కే, అంటే బ్యాటరీ మైనస్‌కే కలిసి ఉంటాయి. పైకి నొక్కితే పై తీగకు 12 వోల్టులు వస్తాయి, కింది తీగ ఎర్త్‌లోనే ఉండిపోతుంది. కిందికి నొక్కితే దానికి తలకిందులు. అంటే ప్రతి తీగా ఒకసారి కరెంటు తెచ్చే దారి, ఇంకోసారి కరెంటు తిరిగి వెళ్లే దారి.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పక్క సీటు మోటారుకు ఎర్త్ ఆ తలుపులో దొరకదు. ఆ రెండు తీగలూ పక్క స్విచ్‌లోంచి బయలుదేరి, ఆ తలుపు రబ్బరు గొట్టం దాటి, డాష్‌బోర్డు కింద నుంచి పోయి, డ్రైవరు తలుపు రబ్బరు గొట్టం దాటి మాస్టర్ స్విచ్ (డ్రైవరు తలుపు మీదున్న స్విచ్) చేరతాయి. ఎర్త్ ఉన్నది అక్కడ. పక్క స్విచ్ నొక్కినా కరెంటు బండి వెడల్పంతా ప్రయాణం చేసి మాస్టర్ స్విచ్ దగ్గరే దిగాలి.

ఇప్పుడు పై తీగ దారిలో ఎక్కడో తెగిందనుకోండి.

మాస్టర్‌తో పైకి నొక్కితే కరెంటు తెగిన తీగలోంచి రావాలి, రాదు. మాస్టర్‌తో కిందికి నొక్కితే కరెంటు కింది తీగలో వస్తుంది కానీ తెగిన తీగలోంచి తిరిగి వెళ్లాలి, వెళ్లలేదు. రెండువైపులా చచ్చింది. పక్క స్విచ్‌తో పైకి నొక్కితే కరెంటు ఆ తలుపులో ఉన్న సప్లై నుంచే తీసుకుంటుంది, బాగున్న కింది తీగలోంచి వెళ్లిపోతుంది, అద్దం లేస్తుంది. పక్క స్విచ్‌తో కిందికి నొక్కితే మళ్లీ తెగిన తీగే తిరుగుదారి. కదలదు.

మీరు రాసింది అక్షరం పొల్లుపోకుండా ఇదే.

పాతబండి | శనివారం, ఉదయం 10:52

రెండుసార్లు చదివి, కాగితం మీద గీసుకుని మూడోసారి చదివాను. అర్థమైంది! కానీ మాస్టర్ స్విచ్ లోపలే పోయి ఉండొచ్చు కదా? దానిలో కూడా పాయింట్లు (నొక్కితే తగిలి కరెంటు కలిపే చోట్లు) కాలిపోతాయంటారు.

తీగలమనిషి | శనివారం, ఉదయం 11:20

కాలిపోతాయి. కానీ అప్పుడు లక్షణం వేరేలా ఉంటుంది. మాస్టర్‌లో పై తీగను ఎర్త్‌కు కలిపే పాయింటు ఒక్కటే కాలిందనుకుందాం. అప్పుడు మాస్టర్‌తో పైకి వెళ్తుంది, ఎందుకంటే ఆ పనికి వాడేది కరెంటు ఇచ్చే పాయింటు. దిగేటప్పుడే ఇబ్బంది. అంటే మాస్టర్‌తోనూ పక్క స్విచ్‌తోనూ ఒకేలా 'పైకి అవును, కిందికి కాదు' అంటుంది. మీది మాస్టర్‌తో పైకి కూడా వెళ్లడం లేదు. ఒకేసారి రెండు పాయింట్లు పోవడం కన్నా ఒక తీగ తెగడమే నమ్మదగ్గ మాట.

పైగా తలుపు ధడాలున వేస్తే బాగైందని మీరే రాశారు. తీగ ఎక్కడ తెగిందో కూడా దాదాపు చెప్పేశారన్నమాట. తలుపుకీ బాడీకీ మధ్య నల్లటి మడతల రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి, కీళ్ల దగ్గర. అన్నిటికన్నా ఎక్కువసార్లు తెరిచి మూసేది డ్రైవరు తలుపు. పదిహేడేళ్ల పాటు ఆ తీగలు ఒకే చోట వంగి, సాగి, వంగి, సాగి ఉంటాయి. ముందు అక్కడ చూడండి.

రిటైర్డ్_ఫోర్‌మన్ | శనివారం, మధ్యాహ్నం 12:45

తీగలమనిషి బాబు చెప్పినదానికి వంక పెట్టక్కర్లేదు. నేను నలభయ్యేళ్లు ఇదే పనిలో ఉన్నాను, తెగిన తీగకు మోటార్లు మార్చినవాళ్లను లెక్కలేనంత మందిని చూశాను. తలకు రోగమొస్తే మోకాలికి మందు వేసినట్టు.

కుర్రాళ్లకు తెలియకపోవచ్చు గానీ మొదట్లో ఇవి కరెంటు మోటార్లతో నడిచేవే కావు. 1940లో ప్యాకార్డ్ 180 కారులో వచ్చిన పవర్ విండోలు హైడ్రాలిక్, అంటే ద్రవం ఒత్తిడితో అద్దం లేచేది. తలుపుల్లో పైపులు! ఎలక్ట్రిక్ పద్ధతిలోకి క్రైస్లర్ ఇంపీరియల్ 1951లో మారింది. లీకయ్యే పైపులతో పోలిస్తే తెగిన తీగ ఎంత సుఖమో ఆలోచించండి.

ఒక జాగ్రత్త. పాతబండి గారూ, తలుపులో పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. పసుపు రంగు తొడుగున్న తీగలు, పసుపు కనెక్టర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి మీద టెస్ట్ ల్యాంపు, మీటరు ఏదీ పెట్టొద్దు.

పాతబండి | శనివారం, సాయంత్రం 5:35

సరే, రేపు ఉదయం మొదలుపెడతాను. నా దగ్గర మల్టీమీటర్ ఉంది. ఎక్కడ పెట్టి చూడాలి?

తీగలమనిషి | శనివారం, సాయంత్రం 6:10

రేపటికి మల్టీమీటర్ పక్కన పెట్టి ఒక బల్బు పట్టుకోండి. బ్రేక్ లైట్లలో వాడే 21 వాట్ల బల్బు, రెండు తీగలు అతికించింది చాలు.

ఎందుకంటే మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. ముప్పై పోగుల తీగలో ఇరవైతొమ్మిది తెగిపోయి ఒక్కటి మిగిలినా "12 వోల్టులు ఉన్నాయి, అంతా క్షేమం" అంటుంది. మోటారుకు కావాల్సిన కరెంటు ఆ ఒక్క పోగులోంచి రాదు. బల్బు అయితే మసకగా వెలిగి నిజం చెప్పేస్తుంది. మీటరే వాడాలంటే స్విచ్ నొక్కి మోటారు లాగుతున్నప్పుడు చూడాలి, ఉత్తినే చూడకూడదు. అప్పుడు దారిలో అర వోల్టుకు మించి తగ్గితే ఎక్కడో అడ్డుందని అర్థం.

పక్క సీటు స్విచ్ ఊడదీసి కనెక్టర్ చూడండి. ఐదు తీగలుంటాయి: ఒకటి సప్లై, రెండు మోటారుకు వెళ్లేవి, రెండు మాస్టర్ నుంచి వచ్చేవి. ఈ పరీక్షకు బ్యాటరీ కలిపి, కీ ఆన్‌లో ఉండాలి. బల్బు ఒక కొస సప్లైకి పెట్టి, రెండో కొస మాస్టర్ నుంచి వచ్చే తీగలకు ఒకదాని తర్వాత ఒకటి తాకించండి. రెండిటికీ సమానంగా వెలగాలి. ఒకదానికి వెలగకపోతే అదే మన దొంగ. అప్పుడు బల్బు అలాగే ఉంచి, ఇంకొకరిని డ్రైవరు తలుపు రబ్బరు గొట్టం అటూ ఇటూ వంచమనండి.

పాతబండి | ఆదివారం, ఉదయం 9:48

దొరికింది!!

ఒక తీగకు బల్బు ధగధగ, రెండోదానికి శూన్యం. మా అబ్బాయిని డ్రైవరు తలుపు దగ్గర నిలబెట్టి రబ్బరు గొట్టం వంచమన్నాను. మెల్లగా వంచుతుంటే బల్బు ఒక్కసారి మిణుక్కుమంది, ఆరింది, మళ్లీ మిణుక్కుమంది. వాడు తలుపు తెరుస్తూ మూస్తూ బల్బుతో ఆడుకోవడం మొదలుపెట్టాడు, ఆపడం కష్టమైంది.

తర్వాత బ్యాటరీ తీసేసి, గొట్టం బాడీ వైపు నుంచి ఊడదీసి వెనక్కి లాగాను. పద్నాలుగు తీగలున్నాయి. రెండింటికి తొక్క పగిలి రాగి బయటపడింది, అవి సరే. అసలు దొంగ మాత్రం పైకి నిక్షేపంగా ఉంది. ఒక్కో తీగా రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూశాను. మిగతావి గట్టిగా ఉన్నాయి, ఇదొక్కటే రబ్బరు బ్యాండులా సాగింది. బ్లేడుతో తొక్క చీలిస్తే లోపల రాగి పోగులు పూర్తిగా విడిపోయి, కొసలు పచ్చటి పొడి పట్టి ఉన్నాయి. మోటారు తెప్పించి బిగించి ఉంటే నా మొహం ఎలా ఉండేదో తలుచుకుంటేనే చెమటలు.

ఇప్పుడు అతికించి టేపు చుట్టేయనా?

స్పానర్_సెట్ | ఆదివారం, ఉదయం 10:02

ఆగండి ఆగండి. మెలిపెట్టి టేపు చుడితే ఆరు నెలల్లో మళ్లీ ఇదే చర్చ తెరుస్తారు. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడగండి.

రిటైర్డ్_ఫోర్‌మన్ | ఆదివారం, ఉదయం 10:40

సోల్డర్ చేయొచ్చు, కానీ తెగిన చోటే చేయకూడదు నాయనా. సోల్డర్ పోగుల మధ్యకు పాకి తీగను పుల్లలా బిరుసు చేస్తుంది. ఆ బిరుసు భాగం రబ్బరు గొట్టంలో, వంగే చోట ఉందంటే దాని పక్కనే మళ్లీ పుటుక్కుమంటుంది. ఇలా తెగినవాటిలో సగం ఎవరో ఇదివరకు "రిపేరు" చేసినవే.

పద్ధతి ఇది. తెగిన ముక్కను గొట్టం దాటి రెండువైపులా ఒక జానెడు దాకా కత్తిరించి పారేయండి. దాని స్థానంలో అంతే లావున్న కొత్త తీగ వేయండి, సన్నపు పోగులు ఎక్కువున్నది. ఒక అతుకు తలుపు లోపల, ఇంకోటి బాడీ లోపల ఉండాలి. గొట్టంలో ఉండేది అతుకులేని తీగ మాత్రమే. పగిలిన ఆ రెండు తీగలకూ ఇప్పుడే ఇదే చేసేయండి, అవి క్యూలో ఉన్నాయి. మూడు అతుకులూ ఒకేచోట పడితే లావైపోతాయి, కొంచెం ముందూ వెనకా చేయండి. ఒకసారి ఒక తీగే కత్తిరించండి. మూడూ ఒకేసారి కత్తిరించి ఏది దేనికో మరిచిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

కొత్త తీగ గొట్టంలోకి ఎక్కకపోతే సబ్బు నీళ్లు రాయండి. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు తీగ బిగుసుకోకూడదు, కాస్త వదులుండాలి.

స్పానర్_సెట్ | ఆదివారం, ఉదయం 10:55

ఒప్పుకుంటున్నాను. అతుకు ఎక్కడ వేయాలో నేను చెప్పకపోవడం తప్పే. నేనైతే ఈ చోట క్రింపింగ్‌కే (తీగ కొసలను లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడానికే) ఓటేస్తాను, మంచి క్రింపింగ్ ప్లయర్ ఉంటేనే సుమా. పళ్లతో కొరికినట్టు నొక్కే మామూలు ప్లయర్‌తో అయితే సోల్డరే నయం.

వెనకసీటు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

చర్చ పక్కదారి పట్టిస్తున్నందుకు క్షమించండి. నాది ఇంకో రకం గోల. డ్రైవరు అద్దం ఆటో బటన్‌తో పైకి వెళ్లి, ఇంకో నాలుగు అంగుళాలు ఉందనగా ఎవరో తోసినట్టు మళ్లీ కిందికి వచ్చేస్తుంది. రోజూ మొదటిసారి ఇలాగే. బ్యాటరీ మార్చిన తర్వాత ఇంకా ఎక్కువైంది. దయ్యం పట్టిందని మా పిల్లలు.

తీగలమనిషి | ఆదివారం, మధ్యాహ్నం 3:05

దయ్యం కాదండీ, మీ పిల్లల వేళ్లు కాపాడటానికి పెట్టిన తెలివి అది. ఆటోగా మూసుకునే అద్దానికి దారిలో ఏదైనా అడ్డు తగిలితే వెనక్కి తగ్గాలి. అమెరికా, ఐరోపా ప్రమాణాల్లో ఆ అడ్డు మీద పడే బలం 100 న్యూటన్లు దాటకముందే తిరగాలని ఉంది. అంటే దాదాపు పది కిలోల బరువు పెట్టినంత. పాపం కంట్రోలర్‌కు అడ్డొచ్చింది వేలా, ఎండిపోయిన రబ్బరా అన్నది తెలియదు. మోటారు నెమ్మదించిందా లేదా అన్నదే దానికి తెలుసు.

మీ అద్దం పక్కల్లో రబ్బరు చానెల్ ఎండి పట్టేస్తోంది. ముందు దాన్ని శుభ్రం చేయండి. ఆ తర్వాత అద్దం పూర్తిగా పైకి తెచ్చి, స్విచ్ వదలకుండా కొన్ని సెకన్లు పైకే పట్టి ఉంచండి. చాలా కార్లలో అద్దం పైహద్దు ఎక్కడో మళ్లీ నేర్పే పద్ధతి అదే. బ్యాటరీ తీస్తే కొన్ని కార్లు ఆ హద్దు మరిచిపోతాయి. సరైన వరుస మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. రబ్బరు సంగతి చూడకుండా హద్దు మాత్రం నేర్పితే నాలుగు రోజులకు మళ్లీ మొదటికొస్తుంది.

వెనకసీటు | ఆదివారం, మధ్యాహ్నం 3:30

ధన్యవాదాలు! అయితే పాతబండి గారి కారు లాంటివాటిలో ఈ తెలివి ఉండదు కదా? మా అన్నయ్య పాత కారులో పైకీ కిందికీ ఊగే స్విచ్ ఆర్మ్‌రెస్ట్ మీదే ఉంటుంది. మా చిన్నది కిటికీలోంచి తల పెట్టి చూడబోతూ దాని మీద మోకాలు ఆనించింది. అద్దం లేవడం మొదలైంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఆ కారు ఎక్కగానే నా కళ్లు ముందు లాక్ బటన్ మీదకే పోతాయి.

రిటైర్డ్_ఫోర్‌మన్ | ఆదివారం, సాయంత్రం 4:10

మంచి మాట గుర్తుచేశావమ్మా. ఆ ప్రమాదాల వల్లే తర్వాత వచ్చిన కార్లలో, స్విచ్‌ను వేలితో పైకి లాగితేనే మూసుకునేలా మార్చారు. మోకాలు నొక్కగలదు గానీ లాగలేదు. పాత కారులో పిల్లలుంటే లాక్ వేసి ఉంచడం, దిగేటప్పుడు కీ తీసుకుని దిగడం తప్ప దారి లేదు.

పాతబండి | తర్వాతి శనివారం, మధ్యాహ్నం 1:15

రిపోర్టు. మూడు తీగలూ ఫోర్‌మన్ గారు చెప్పినట్టే మార్చాను. ఒక పూటంతా పట్టింది, అందులో ముప్పావు వంతు ఆ గొట్టాన్ని మళ్లీ దాని గూట్లో కూర్చోబెట్టడానికే. ఇప్పుడు అద్దం రెండు స్విచ్‌లతోనూ పైకీ కిందికీ వెళ్తోంది.

కానీ నత్తనడక. కింది నుంచి పైదాకా వెళ్లడానికి పదకొండు సెకన్లు. డ్రైవరుది ఐదు సెకన్లలో మూసుకుంటుంది. ఇప్పుడైనా మోటారు అనొచ్చా? :)

ఫుల్‌ట్యాంక్ | తర్వాతి శనివారం, మధ్యాహ్నం 1:22

నేనేమీ అనను.

స్పానర్_సెట్ | తర్వాతి శనివారం, మధ్యాహ్నం 2:00

హహ. ముందు ఇంజను ఆన్ చేసి ఒకసారి చూడండి. కీ మాత్రమే ఆన్‌లో ఉంటే బ్యాటరీ 12.6 వోల్టుల లోపే ఇస్తుంది, ఇంజను తిరుగుతుంటే 14 దగ్గర ఉంటుంది. ఆ తేడా అద్దం వేగంలో తెలుస్తుంది.

ఇంజను ఆన్‌లోనూ నత్తనడకే అయితే, అద్దం పైకి వెళ్తున్నప్పుడు రెండు అరచేతులు ఇరువైపులా ఆనించి మెల్లగా సాయం పట్టండి. వేళ్లు పై అంచుకు దూరంగా. చటుక్కున వేగం పుంజుకుంటే రాపిడి ఎక్కువైందన్నమాట, మోటారు నిర్దోషి. ఇంకా గట్టి రుజువు కావాలంటే డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు కప్పు) విప్పి, రెగ్యులేటర్ నుంచి అద్దం విడదీసి, చేత్తో పైకీ కిందికీ జరిపి చూడండి. పెద్దగా బలం పెట్టకుండా జరగాలి.

పాతబండి | తర్వాతి శనివారం, సాయంత్రం 4:45

ఇంజను ఆన్‌లో తొమ్మిది సెకన్లు. చేత్తో సాయం పడితే ఐదు. రబ్బరు చానెల్‌లో వేలు పెట్టి తీస్తే నల్లటి పేస్టులాంటిది అంటుకుంది. ఎవరో ఎప్పుడో గ్రీజు రాసినట్టున్నారు, దానికి పదేళ్ల దుమ్ము పట్టి సాన రాయిలా తయారైంది. ఇప్పుడు ఏం వేయాలి? ఇంట్లో తుప్పు వదిలించే స్ప్రే ఉంది.

రిటైర్డ్_ఫోర్‌మన్ | తర్వాతి శనివారం, సాయంత్రం 5:20

గ్రీజూ వద్దు, ఇంజను ఆయిలూ వద్దు, తుప్పు స్ప్రే అంతకన్నా వద్దు. పెట్రోలియం సరుకు తగిలితే చానెల్ రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది. ఉబ్బితే అద్దాన్ని ఇంకా పట్టేస్తుంది. మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా జారుతుంది కాబట్టి చాలామంది మోసపోతారు.

పాత స్కేలుకు తడి గుడ్డ చుట్టి, సబ్బు నీళ్లతో చానెల్ లోపల రుద్దండి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా. నాకైతే ఒక్కో తలుపుకు నాలుగైదు గుడ్డలు పాడవుతాయి. పూర్తిగా ఆరనిచ్చి సిలికాన్ స్ప్రే, సన్నటి గొట్టం ఉన్నది, రెండువైపులా చానెల్‌లోకి కొట్టండి. అద్దం మీద, సీటు మీద పడకుండా కాగితం అడ్డం పెట్టండి. ముందు అద్దాలకు అంటితే వాన రోజు మసకమసకగా ఉంటుంది.

తర్వాత అద్దాన్ని నాలుగైదు సార్లు పైకీ కిందికీ నడపండి. మధ్యలో మోటారు హఠాత్తుగా ఆగిపోతే గుండె పట్టుకోవద్దు. వేడెక్కితే తనను తాను ఆపుకునే ఏర్పాటు చాలా మోటార్లలో లోపలే ఉంటుంది. కొద్ది నిమిషాలు వదిలేస్తే లేస్తుంది.

కొత్తచేయి | తర్వాతి శనివారం, సాయంత్రం 6:00

నా కారులో వెనక అద్దం నిన్న కటకటమని పలికి, దభీమని తలుపులోకి పడిపోయింది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది. స్పానర్ గారు చెప్పినదాన్ని బట్టి రెగ్యులేటరే కదా? నేనే విప్పొచ్చా?

స్పానర్_సెట్ | తర్వాతి శనివారం, సాయంత్రం 6:40

పాఠం వంటబట్టింది, రెగ్యులేటరే. కటకట శబ్దమంటే కేబుల్ రకం. సన్నటి ఉక్కు తాడు ఒక డ్రమ్ము మీద చుట్టుకుంటూ అద్దాన్ని లాగుతుంది. అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్క విరిగినా, తాడు పోగులు లేచి డ్రమ్ములో చిక్కుపడినా ఇదే శబ్దం. ఇంకా స్విచ్ నొక్కుతూ కూర్చోకండి, మోటారు కూడా పోతుంది. ప్లాస్టిక్ ముక్క ఒక్కటే విరిగితే అది విడిగా దొరికితే సరి, తాడు చిట్లితే రెగ్యులేటర్ మార్చాల్సిందే.

విప్పొచ్చు. ముందు అద్దాన్ని పైకి తెచ్చి ఫ్రేముకు గట్టి టేపుతో అటునుంచి ఇటు అతికించండి, పని మధ్యలో జారితే వేళ్ల మీద పడుతుంది. గ్లవుజులు వేసుకోండి, తలుపు లోపలి రేకు అంచు బ్లేడు కన్నా పదును. అద్దం అంచుకు స్క్రూడ్రైవర్ ఆనించి తన్నిపెట్టొద్దు. టెంపర్డ్ గ్లాసు మధ్యలో గుద్దినా తట్టుకుంటుందేమో కానీ అంచుకు చిన్న దెబ్బ తగిలితే చాలు, మొత్తం పలుకులైపోతుంది.

కత్తెరలా ఒకదాని మీద ఒకటి మడిచే ఇనుప చేతుల రెగ్యులేటర్ ఉన్నవాళ్లకు వేరే హెచ్చరిక. దాని మీద గడియారం స్ప్రింగులా చుట్టిన బలమైన స్ప్రింగు ఉంటుంది. దాన్ని కట్టిపడేసేది మోటారు గేరే. చేతులను బోల్టుతోనో క్లాంపుతోనో కదలకుండా బిగించకుండా మోటారు ఊడదీస్తే స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుని చేతిని నరికినంత పని చేస్తుంది. ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు.

రిటైర్డ్_ఫోర్‌మన్ | తర్వాతి శనివారం, సాయంత్రం 7:05

ఇంకో మాట, కొత్తచేయి బాబూ. ప్యాడ్ తీయగానే లోపల ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. "ఇదెందుకు దండగ" అని చింపేయకు. వాన నీళ్లు అద్దం పక్కనుంచి తలుపులోకి దిగడం మామూలే, తలుపు అడుగున అందుకే రంధ్రాలుంటాయి. ఆ నీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే. చింపినవాళ్లు వానాకాలంలో కార్పెట్ తడిసిందని, స్విచ్ తుప్పు పట్టిందని వస్తారు. ఎలాగూ విప్పావు కాబట్టి అడుగు రంధ్రాల్లో సన్నటి పుల్ల పెట్టి మట్టి తీసేయ్.

పాతబండి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఐదు సెకన్లు! ఆరు గుడ్డలు బలి. చానెల్ లోంచి ఒక చింతగింజంత మట్టిగడ్డ కూడా వచ్చింది. అదే ఊపులో ముక్కుతున్న వెనక కుడి అద్దం కూడా శుభ్రం చేశాను, మూలుగు పోయింది. అంటే దాని రోగమూ రబ్బరే.

మాస్టర్ స్విచ్ కూడా విప్పి చూశాను. డ్రైవరు అద్దం పాయింట్లు నల్లగా ఉన్నాయి, పైకి నొక్కే వైపు ఎక్కువగా. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిచాను. ఎమ్రీ పేపరు వాడాలా?

తీగలమనిషి | ఆదివారం, మధ్యాహ్నం 1:10

పైకి ఎత్తేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, అందుకే ఆ వైపు ఎక్కువ కాలుతుంది. ఎమ్రీతో అరగదీస్తే పాయింటు మీది పలచటి పూత పోయి తర్వాత ఇంకా త్వరగా కాలుతుంది. క్లీనర్‌తో పోకపోతే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. చానెల్ శుభ్రంగా ఉంటే మోటారు తక్కువ లాగుతుంది, పాయింట్లు కూడా ఎక్కువ కాలం ఉంటాయి. ఏడాదికోసారి సిలికాన్ కొట్టండి, చాలు. వేసిన ఫ్యూజు కాలితే అంతకన్నా పెద్ద నంబరు ఫ్యూజు వేయాలన్న ఆలోచన మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అప్పుడు ఫ్యూజు బదులు తీగ కాలుతుంది.

పాతబండి | ఆదివారం, సాయంత్రం 4:05

చేశాను. చివరి సమస్య: రెండు ప్యాడ్లూ బిగించేశాను. పొడుగు స్క్రూ ఒకటి నా అరచేతిలో మిగిలింది. ఎక్కడిదంటారు?

స్పానర్_సెట్ | ఆదివారం, సాయంత్రం 4:12

లోపలి హ్యాండిల్ వెనక చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, గోరుతో తీయండి. వెనక తలుపుదే అయ్యుంటుంది.

పాతబండి | ఆదివారం, సాయంత్రం 4:20

అక్కడిదే.